అన్నబ్రహ్మము – అంగడి త్రాసు

తైత్తిరీయోపనిషత్తులోని భృగువల్లి ప్రకారము, వరుణపుత్రుడైన భృగువు తపస్సు చేసి మొట్టమొదట తెలిసికొన్న సత్యము అన్నమే బ్రహ్మమనునది. ఆ పిమ్మట ప్రాణము, మనస్సు, విజ్ఞానము అను మెట్లెక్కి అతడు ఆనందమును చేరెను. పై మెట్టు చేరినవాడు క్రింది మెట్టును మరువవచ్చునని ఉపనిషత్తు చెప్పలేదు. ఆనందబ్రహ్మమును ఉపదేశించిన వెంటనే అది మరల అన్నమువైపు తిరిగినది. అన్నమును నిందింపకుండుట, విడువకుండుట, సమృద్ధిగా పెంచుట, ఇంటికి వచ్చినవానిని త్రిప్పి పంపకుండుట అను వ్రతములను విధించినది. బ్రహ్మజ్ఞానికే తప్పని అన్నవ్రతము సాధకునికి తప్పునా?

ఈ అన్నము విషయమై జెనీవా నగరములో, సరస్సు ఒడ్డునున్న ప్రపంచ వాణిజ్య సంస్థ భవనములో, ముప్పది సంవత్సరములకు పైగా చర్చలు సాగుచున్నవి. అచ్చట అన్నమునకు పణ్యమను పేరొక్కటే కలదు. ముత్యపుచిప్పను చూచి వెండియని భ్రమించుటను వేదాంతము అధ్యాస యన్నది. ప్రాణాధారమైన వస్తువును చూచి సరకు మాత్రమేనని తలచుటయు అట్టి అధ్యాసయే. ముత్యపుచిప్పను వెండియనుకొన్నవాడు తానొక్కడే నష్టపోవును. అన్నమును సరకనుకొన్నవారి భ్రమకు మాత్రము వెల చెల్లించువాడు పొలములోనున్న రైతు. కావుననే ఇది లౌకిక రాజకీయమని సాధకులు ప్రక్కకు త్రోసివేయదగిన విషయము కాదు.

చౌకదనము హేతువా, హేత్వాభాసమా?

1986లో ఉరుగ్వే దేశమందలి పుంతా దెల్ ఎస్తేలో ఆరంభమైన చర్చలు 1994 ఏప్రిల్ 15న మొరాకోలోని మర్రకేష్‌లో ఒప్పందముగా పరిణమించినవి. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ వెలసినది. ఆ ఒప్పందములలో వ్యవసాయ ఒప్పందము ఒకటి. దాని వాదము వినుటకు సొంపుగానే యుండును. ఎవడు తక్కువ వ్యయముతో పండించునో వాడు ప్రపంచమంతటికి అమ్మవలెను; సుంకములు తగ్గవలెను; ప్రభుత్వములు రైతులకిచ్చు ఊతము తగ్గవలెను; అప్పుడు అందరికీ మేలు కలుగును.

ఈ అనుమానములో హేతువు చౌకదనము. ఒకడు చౌకగా అమ్ముచున్నాడు గనుక సమర్థుడని నిర్ణయము. అయితే ఆ చౌకదనము సామర్థ్యము వలన గాక బొక్కసము వలన పుట్టినదైనచో, ఆ హేతువు హేత్వాభాసమగును. ప్రత్తి విషయములో జరిగినది సరిగా ఇదే. అమెరికా తన ప్రత్తి రైతులకిచ్చిన భారీ రాయితీల వలన ప్రపంచ విపణిలో ధరలు పడిపోవుచున్నవని బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి అను నాలుగు ఆఫ్రికా దేశములు 2003లో మొరపెట్టుకొన్నవి. అంతకు ముందే, 2002లో, బ్రెజిల్ దేశము ప్రపంచ వాణిజ్య సంస్థలో వ్యాజ్యము వేసినది. 2004లో న్యాయమండలి, 2005లో అప్పీలు మండలి బ్రెజిల్ పక్షముననే తీర్పు చెప్పినవి.

తీర్పు వచ్చిన పిదప అమెరికా రాయితీలను పూర్తిగా మానలేదు. 2010లో కుదిరిన ఏర్పాటు ప్రకారము బ్రెజిల్ ప్రత్తి రంగమునకు ఏటా 14.7 కోట్ల డాలర్లు చెల్లించుటకు ఒప్పుకొన్నది. 2014లో మరి 30 కోట్ల డాలర్లిచ్చి వివాదమును ముగించినది. దోషమును దిద్దుకొనుటకు బదులు దోషమునకు వెలకట్టి చెల్లించిన విధమిది. నాలుగు ఆఫ్రికా దేశముల రైతులకు అట్టి పరిహారమేదియు అమెరికా నుండి దక్కలేదు. వ్యాజ్యము వేయగల స్తోమత గలవానికే న్యాయము. లేనివానికి సానుభూతి తీర్మానము. దీనికి స్వేచ్ఛా వాణిజ్యమని పేరు.

పాపము చేసినవానికే పాపాధికారము

ఒప్పందములోని రెండు నిబంధనలను సాధకులు ఓర్పుతో పరిశీలించిన యెడల దాని లోపలి స్వభావము తేటతెల్లమగును.

మొదటిది పరిమితికి సంబంధించినది. ధరలను వక్రీకరించు రాయితీలను ఒప్పందము ఆంబర్ బాక్స్ అని వ్యవహరించినది. ఒప్పందమునకు పూర్వము అట్టి రాయితీలను భారీగా ఇచ్చుచుండిన దేశములు వాటిని కొంత తగ్గించి, మిగిలిన దానిని హక్కుగా నిలుపుకొనవచ్చును. ఆ లెక్కన అమెరికాకు ఏటా 1,910 కోట్ల డాలర్ల హక్కు మిగిలినది. ఐరోపా సమాఖ్యకు అంతకంటె ఎన్నో రెట్లు మిగిలినది. నాడు అట్టి రాయితీలు లేని భారతదేశమునకు అట్టి హక్కు సున్న. ఒక్కొక్క పంట ఉత్పత్తి విలువలో 10 శాతమునకు మించకుండ ఊతమిచ్చు అవకాశము మాత్రమే దానికి దక్కినది. ఎక్కువ తప్పు చేసినవానికి ఎక్కువ తప్పు చేయు అధికారమును, చేయనివానికి నిషేధమును విధించు స్మృతి ధర్మశాస్త్రములలో ఎచ్చటను కానరాదు.

రెండవది కొలమానమునకు సంబంధించినది. ప్రభుత్వము మద్దతు ధరకు ధాన్యము కొన్నప్పుడు, ఆ ధరకును ఒక నిర్ణీత అంతర్జాతీయ ధరకును గల భేదమును రాయితీగా లెక్కింతురు. ఆ నిర్ణీత ధర నేటిది కాదు, 1986–88 నాటిది. 1987–88లో సాధారణ రకము వరికి మద్దతు ధర క్వింటాలుకు 150 రూపాయలు. 2025–26లో అది 2,369 రూపాయలు. ఈ నడుమ డీజిలు, ఎరువు, కూలి, కౌలు అన్నియు పెరిగినవి. త్రాసులోని రాయి మాత్రము ముప్పదియెనిమిది సంవత్సరముల క్రిందటిదే. నేటి విపణి ధర కంటె తక్కువకే ప్రభుత్వము కొన్నను, ఆ త్రాసులో అది రైతుకిచ్చిన మహాదానముగా తూగును. అధిక ద్రవ్యోల్బణమును పరిగణనలోనికి తీసికొనవలెనని ఒప్పందములోని 18వ అధికరణమే చెప్పుచున్నది. అయినను ఆ మాటను అమలు పరచుటకు ధనిక దేశములు సమ్మతింపవు.

ఇది పుస్తకములలోని చిక్కు మాత్రమే కాదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టము క్రింద సుమారు 81 కోట్ల జనులకు ధాన్యమందవలెను. ఆ ధాన్యము ప్రభుత్వము రైతు వద్ద కొనునది. కొనుగోలును అపరాధముగా లెక్కించినచో పండించువానికి ధర పోవును, తినువానికి బియ్యము పోవును. 2013 డిసెంబరులో బాలిలో భారతదేశము పట్టుబట్టగా, పీస్ క్లాజ్ అని పిలువబడు తాత్కాలిక రక్షణ లభించినది. 2014లో మరల పోరాడిన పిదప, శాశ్వత పరిష్కారము కుదురువరకు ఆ రక్షణ కొనసాగునని తేల్చిరి. 2018–19 పంటకాలమున వరి విషయమై భారతదేశము దానిని ఆశ్రయింపవలసి వచ్చినది. 2017 నాటికి రావలసిన శాశ్వత పరిష్కారము 2024లో అబుధాబి సమావేశమునకు కూడ రాలేదు. ఇంతటి దేశము యొక్క అన్నసత్రము నేటికిని ఒక తాత్కాలిక అనుమతిపై నడచుచున్నది.

సమదృష్టి వేరు, సమవర్తనము వేరు

అందరికీ ఒకే నిబంధన యుండుట సమత్వమే గదా యని వాదించువారు కలరు. అద్వైత సంప్రదాయమునకు ఈ శంక క్రొత్తది కాదు. భావమందు అద్వైతమును నిలుపుకొనవలెను గాని క్రియయందు దానిని ఆపాదింపరాదని పెద్దలు హెచ్చరించిరి. ఏనుగునందును చీమయందును ఆత్మ యొక్కటియే. అయినను ఏనుగు మోయు బరువును చీమ వీపున పెట్టినవాడు సమదర్శి కాడు, హంతకుడు. శాస్త్రము అధికారిభేదమును అంగీకరించినది. దేశము, కాలము, శక్తి, పాత్రత చూచియే విధినిషేధములను నిర్ణయించినది.

2015–16 వ్యవసాయ గణన ప్రకారము భారతదేశములోని కమతములలో 86 శాతము రెండు హెక్టార్లకు లోపలివి. సగటు కమతము 1.08 హెక్టార్లు, అనగా మూడు ఎకరములకు కూడ చాలదు. 2022 గణన ప్రకారము అమెరికాలో సగటు కమతము 463 ఎకరములు. అచ్చటి రైతునకు బీమా, ఊతము, గిడ్డంగి, ముందస్తు విపణి అన్నియు అమరియున్నవి. అనంతపురము మెట్టలో వేరుసెనగ వేసినవానికి ఉన్నది ఆకాశము. ఈ ఇరువురిని ఒకే గోదాలోనికి దింపి, ఈల వేసి, పోటీ న్యాయముగా జరుగుచున్నదనుట కేవలము పరిహాసము.

వర్ధమాన దేశములకు ప్రత్యేక వ్యవహారము అవసరమని వాణిజ్య సంస్థయే తన పత్రములలో వ్రాసికొన్నది. అది అధికారిభేదమును ఒప్పుకొనుటయే. కాని ఆచరణ వచ్చుసరికి 2008 జూలైలో ఏమి జరిగినది? దిగుమతులు ఒక్కసారిగా వెల్లువెత్తినప్పుడు పేదరైతును కాపాడుటకు సుంకము పెంచుకొను అవకాశమును భారతదేశము కోరెను. దిగుమతులు 40 శాతము అధికమైన పిమ్మటనే పూర్వపు హద్దును దాటి సుంకము పెంచవచ్చునని ఎదుటిపక్షము పట్టుబట్టెను. అంత వెల్లువ వచ్చువరకు వేచియున్న రైతు అప్పటికి పొలములో మిగులడు. ఇల్లు మునిగిన తరువాత గట్టు వేయుటకు అనుమతినిచ్చుట వంటిది ఆ నిబంధన. ఆ విషయముననే నాటి చర్చలు భగ్నమైనవి. భారతదేశము మొండిపట్టు పట్టినదని ధనిక దేశముల పత్రికలు నిందించినవి. తన బిడ్డ కంచమునకు చేయి అడ్డుపెట్టిన తల్లిని మొండిదనుట వంటిదే ఆ నింద.

పూర్వపక్షములు, సమాధానములు

మొదటి పూర్వపక్షము: దిగుమతుల వలన పేదవాడు చౌకగా తినును గదా, రైతు కొరకు వానిని శిక్షింపనేల?

సమాధానము: వంటనూనె చరిత్రను చూడవలెను. 1986లో నూనెగింజల సాంకేతిక మిషన్ ఆరంభమైన తరువాత, 1990 దశకపు తొలినాళ్లకు భారతదేశము వంటనూనెలలో ఇంచుమించు స్వయంసమృద్ధిని సాధించినది. పిదప దిగుమతుల ద్వారములు తెరచి, సుంకములు తగ్గించిరి. నేడు దేశము వాడు వంటనూనెలో సగమునకు పైగా విదేశములది. నూనె కొంతకాలము చౌకయైన మాట నిజమే. కాని 2022లో ఉక్రెయిన్ యుద్ధము వలన ప్రొద్దుతిరుగుడు నూనె ఆగి, ఇండొనేషియా కొన్నివారముల పాటు పామాయిలు ఎగుమతిని నిలిపివేసినప్పుడు, ఆ చౌకదనము ఒక్క మాసములో ఆవిరియైనది. పండించుట మానినవాడు బేరమాడు శక్తిని కూడ కోల్పోవును. పైగా భారతదేశములోని పేదవారిలో అత్యధికులు పల్లెలలోని వారే, సేద్యముపై ఆధారపడినవారే. వాని కూలిని తీసివేసి వానికే చౌకనూనె చూపుట దయ కానేరదు.

రెండవ పూర్వపక్షము: అన్నము ఎచ్చట అవసరమో అచ్చటికి విపణియే చేర్చును, ప్రభుత్వము నిల్వ చేయనక్కరలేదు.

సమాధానము: విపణి ఆకలి యున్నచోటికి పోదు, సొమ్మున్నచోటికి పోవును. 1876–78 నాటి ధాత కరువు దీనికి సాక్షి. కర్నూలు, బళ్లారి, కడప సీమలలో జనులు రాలిపోవుచుండగా ఈ దేశపు ధాన్యము ఓడలెక్కి పోయినది. వర్తకమునకు అడ్డు రాకూడదనునదియే నాటి పాలకుల సిద్ధాంతము. అంతకు మునుపు 1874లో బీహారు కరువున బర్మా బియ్యము తెప్పించి ప్రాణములు కాపాడిన రిచర్డ్ టెంపుల్ దుర్వ్యయము చేసెనని ఆక్షేపణకు గురియయ్యెను. ఆ ఆక్షేపణ తలకెక్కిన అతడే ఈ కరువున పనివారల కూలిగింజలను రోజుకు ఒక పౌనుకు తగ్గించెను. దేశమంతట యాబది లక్షలకు పైగా జనులు మరణించిరని చరిత్రకారుల అంచనా. సిద్ధాంతము మాత్రము చెక్కుచెదరలేదు.

మూడవ పూర్వపక్షము: భారతదేశము కూడ బియ్యము, మిరప, రొయ్యలు ఎగుమతి చేయుచున్నది గదా, ద్వారములు మూసికొన్నచో తానే నష్టపోవును.

సమాధానము: వాణిజ్యమును నిందించుట సిద్ధాంతము కాదు. భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయములో కృషి, గోరక్షణ, వాణిజ్యము మూడును ఒకే చోట స్వభావజకర్మలుగా చెప్పబడినవి. అయితే వరుసలో కృషి ముందు, వాణిజ్యము వెనుక. కౌటిల్యుడు అర్థశాస్త్రములోని శుల్కాధ్యక్ష ప్రకరణములో రాష్ట్రమునకు పీడ కలిగించు సరకును అడ్డగింపుమనెను. మహోపకారము చేయు సరకును, దుర్లభమైన బీజములను సుంకము లేకుండ రానిమ్మనెను. ఎంత పెద్ద లాభమైనను ప్రజలకు హాని చేయునదైనచో విడువవలెననెను. సుంకమనునది అతని దృష్టిలో పాపము కాదు, వివేకము. ఇక ద్వారములు తెరువుమని ఉపదేశించు దేశమే 2025 ఆగస్టులో భారతీయ వస్తువులపై సుంకమును 50 శాతమునకు పెంచినప్పుడు గోదావరి, కృష్ణా మండలముల రొయ్యల రైతులు దిక్కుతోచక నిలిచిరి. బలవంతుడు వేసిన సుంకము విధానము, బలహీనుడు వేసిన సుంకము అపరాధమా?

నాలుగవ పూర్వపక్షము: స్వదేశ ప్రభుత్వములే రైతును ముంచుచుండగా విదేశములను నిందింపనేల?

సమాధానము: ఈ ఆక్షేపణలో సత్యము కలదు. మద్దతు ధర ప్రకటింపబడు పంటలు అనేకము, ప్రభుత్వము నిజముగా కొనునవి కొన్నియే. కౌలురైతునకు అప్పు పుట్టదు. 2023 జూలైలో బియ్యమునకు మంచి ధర వచ్చు వేళ బాసుమతి కాని తెల్లబియ్యపు ఎగుమతిని ప్రభుత్వము నిషేధించినది. 2025 ఆగస్టులో ప్రత్తిపై 11 శాతము దిగుమతి సుంకమును ఎత్తివేసి, ఆ మినహాయింపును డిసెంబరు చివరి వరకు పొడిగించినది. ఆదిలాబాదు, వరంగల్లు, గుంటూరు సీమలలో ప్రత్తి ఇంటికి వచ్చు కాలము సరిగా అదే. ధర పెరిగినప్పుడు ఎగుమతికి గడియ, ధర పడినప్పుడు దిగుమతికి తలుపు. ఈ రెండంచుల కత్తి స్వదేశములోనే తయారైనది. అయినను ఇంటి దొంగ ఉన్నాడని వీథిదొంగకు తాళము చెవి ఇచ్చుట వివేకము కాదు. స్వదేశ ప్రభుత్వపు తప్పును ఓటరు మార్చగలడు. అంతర్జాతీయ ఒప్పందములో వ్రాసిన తప్పును రాబోవు ప్రభుత్వము కూడ మార్చలేదు. భయము అచ్చటనే యున్నది.

గోవు, బీజము

భక్తులకు మరింత దగ్గరి విషయములు రెండు కలవు. మొదటిది పాడి. ప్రపంచపు పాలలో సుమారు నాలుగవ వంతు భారతదేశములో ఉత్పత్తియగును. అందులో అధికభాగము రెండు మూడు పశువులు గల ఇండ్లది. ఆ పాలు పితుకునది స్త్రీలు. జంతు రక్తపు పొడి, అవయవములు, పశుమాంసముతో చేసిన దాణా తిన్న పశువుల పాలపదార్థములు కావని ధ్రువపత్రము లేనిదే వాటి దిగుమతిని భారతదేశము అంగీకరింపదు. ఈ నియమమునకు శాస్త్రీయ ఆధారము లేదని, అది వాణిజ్యమునకు అడ్డంకియని అమెరికా ఏండ్లతరబడి ఆక్షేపించుచున్నది. అభిషేకమునకు, నైవేద్యమునకు వాడు పాలు ఎట్టివో నిర్ణయించుకొను అధికారము ఆ పాలను వాడు జాతికి లేదా? అంతేకాదు, తృణాహారియైన పశువునకు పశుమాంసపు పొడి పెట్టిన దేశములలో ఏమి జరిగినదో ఆధునిక శాస్త్రమునకే తెలియును. బ్రిటన్‌లో పిచ్చి ఆవు వ్యాధి ప్రబలి, 1988లో ఆ దాణానే నిషేధింపవలసి వచ్చినది. ఆచారము చెప్పినదానిని అనుభవము ఆలస్యముగా ధ్రువపరచినది.

రెండవది విత్తనము. 2001 నాటి వృక్షరకముల పరిరక్షణ, రైతుహక్కుల చట్టము ప్రకారము భారతీయ రైతు తన పంటనుండి విత్తనము తీసి దాచుకొనవచ్చును, విత్తవచ్చును, ఇచ్చిపుచ్చుకొనవచ్చును, బ్రాండు పేరు పెట్టకుండ అమ్ముకొనవచ్చును. స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందముల చర్చలలో ధనిక దేశములు పలుమార్లు కోరుచున్న యుపోవ్ 1991 నియమావళిలో, రక్షిత రకముల విత్తనములను రైతులు ఇచ్చిపుచ్చుకొనుటకు, అమ్ముకొనుటకు చోటులేదు. ఏరువాక పున్నమినాడు ఎద్దులకు, నాగలికి పూజచేసి, పొరుగువాని గాదెలోని విత్తనమును చేటలో అందుకొన్న జాతికి అది నేరమని ఎవరు బోధింతురు? పసుపుతో గాయము మానునను సంగతిపై 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చినవారే గదా వీరు! భారత శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథములను సాక్ష్యముగా చూపిన పిమ్మట 1997లో ఆ పేటెంటు రద్దయినది. ప్రతి ఇంటి పసుపుడబ్బా కొరకు ఒక వ్యాజ్యము వేయుట సాధ్యమా?

కర్తవ్యము

రాజ్యాంగములో ఒక విచిత్రము కలదు. ఏడవ షెడ్యూలులోని రాష్ట్రజాబితాలో వ్యవసాయము 14వ అంశము. కేంద్రజాబితాలో విదేశములతో ఒప్పందములు చేసికొనుట కూడ 14వ అంశమే. పొలము రాష్ట్రముది, సంతకము కేంద్రముది. ఒప్పందమునకు పార్లమెంటు ముందుగా ఆమోదము తెలుపవలెనను నియమము లేదు. కోట్లాది కుటుంబముల జీవనమును మార్చు పత్రము సంతకమైన తరువాతనే రైతు కంటబడును. యజ్ఞములో యజమానుని సంకల్పము లేకుండ ఋత్విజులు హోమము చేయరు. ఇచ్చట యజమానుడైన రైతునకు సంకల్పము లేదు, ఆహుతి మాత్రము అతనిదే.

కావున కోరవలసినవి స్పష్టములు. వ్యవసాయమును స్పృశించు ప్రతి ఒప్పందపు ముసాయిదాను సంతకమునకు ముందే పార్లమెంటులోను, రాష్ట్ర శాసనసభలలోను చర్చింపవలెను. ప్రధాన ధాన్యములు, పాడి, విత్తనహక్కులు బేరమునకు వెలుపల నుండవలెను. 1986–88 నాటి కొలమానమును మార్చి, ధాన్య నిల్వలకు శాశ్వత రక్షణ సాధింపవలెను. దిగుమతుల వెల్లువను అడ్డుకొను ఆయుధము చేతిలో నుండవలెను. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ఆర్.సి.ఇ.పి. కూటమినుండి భారతదేశము వైదొలగినప్పుడు ఆకాశము విరిగిపడలేదు. కాదనుటయు దౌత్యమే.

సాధకులకు సైతము ఇందులో పాలు కలదు. దేవాలయములలో, ఆశ్రమములలో ప్రతిదినము వేలాదిమందికి అన్నదానము జరుగుచున్నది. ఆ బియ్యమును, పప్పును, నూనెను ఏ ధరకు, ఎవరివద్ద కొనుచున్నారో విచారించుట కూడ పూజాంగమే. రైతునకు గిట్టుబాటు లేని ధాన్యముతో చేసిన అన్నదానములో దాత ఎవరు? తీసికొనినదానికి ప్రతిగా ఏమియు ఇయ్యక భుజించువాడు దొంగయని గీత మూడవ అధ్యాయము నిష్కర్షగా పలికినది. ఆ మాట దేవతల విషయమున చెప్పబడినను, అన్నచక్రమును త్రిప్పుచున్న కర్షకుని విషయమునను అంతే సత్యము.

విస్తరి ముందు కూర్చుండి పరిషేచనము చేయునపుడు చేతిలోని నీరు అన్నము చుట్టును తిరుగును. అది అన్నమునకు కట్టు రక్షాబంధము. విస్తరిలోని అన్నమునకు చేయు ఆ రక్షను పొలములోని అన్నమునకు కూడ చేయనిచో ఆ క్రియ అర్ధాంతరమగును. అన్నమును పెంచుట వ్రతమని ఉపనిషత్తు విధించినది. పెంచువానిని నిలుపుకొనుట ఆ వ్రతమునకు తొలి అంగము.

స్వస్తి.